చేపల తొట్టిలో దిష్టి ఉప్పు

నాకు పెళ్లయిన రెండో ఏడు. సిద్దిపేటలో మేమూ, మా పెద్ద తోటికోడలూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. అక్క ముందు గదిలో గాజుతొట్టి పెట్టి నాలుగు బంగారు చేపలు పెంచేది. ఓరోజు వాటి ఒంటినిండా తెల్లని చుక్కలు లేచాయి. పూజ చేసుకుని వస్తున్న నన్ను ఇంటికొచ్చిన చుట్టాల ముందే నిలబెట్టింది.

"నీ దిష్టే తగిలింది నా చేపలకు."

"అయ్యో అక్కా, రోజూ మేత ఏసేది నేనే గదా!"

"గందుకే అంటున్న. ఏసుకుంట గుడ్లప్పగించి చూస్తవ్."

గుప్పెడు దొడ్డు ఉప్పు తొట్టి చుట్టూ మూడుసార్లు తిప్పి, "చూసినోళ్ల కండ్లు పగల" అంది, నావైపే చూస్తూ. ఆ ఉప్పు నా చేతిలోనే పోసి, బయట పారబోసి రమ్మని లోపలికి వెళ్లింది.

నా ఒళ్లు మండిపోయింది. మంచినీటి చేపలు ఉప్పునీళ్లలో బతకవనుకున్నాను. చావనీ, అప్పుడు ఏడుస్తుందని ఉప్పంతా తొట్టిలోనే వేశాను.

వాటి చావు కోసం రోజూ చూశాను. వారంలో చుక్కలు రాలిపోయి చేపలు చెంగుచెంగున తిరిగాయి. పెంపుడు చేపల దుకాణం అతన్ని అడిగితే, ఆ జబ్బుకు దొడ్డు ఉప్పే మందన్నాడు.

అక్క మాత్రం వాడంతా చెప్పింది: "చూసిన్రా, దిష్టి తీయంగనే లేచినయ్! గీమె కండ్లే!"

బతికించింది నేనేనని చెబుదామంటే, ఉప్పు ఎందుకు వేశావని అడుగుతారు.

చంపబోయిన చేతితోనే ప్రాణం పోయించిన దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను. అక్క మీద కోపం మాత్రం ఆయన ముందు కూర్చున్నా చల్లారలేదు.