అన్న ఆపేసిన గంట

మొన్న విశాఖపట్నం వెళ్తున్నప్పుడు, విమానం మబ్బుల్లోంచి కిందికి దిగుతుంటే, పక్కసీటు అమ్మాయి నేను కుర్చీని గట్టిగా పట్టుకోవడం చూసి భయపడకండి ఆంటీ అంది. విమానాల కంపెనీలోనే పనిచేస్తుందట. ఇప్పుడు పైలట్ ముందుండే యంత్రానికి దారిలోని ప్రతి కొండా తెలుసనీ, ఎదురుగా గుట్ట వస్తుంటే చాలా ముందే అరిచి చెబుతుందనీ వివరించింది. నేను తలూపాను. నాది భయం కాదు. మా బావ గుర్తొచ్చాడు.

బావంటే మా అక్క భర్త. డెబ్బైలలో వరంగల్‌లో ఇంజనీరింగ్ కుర్రాళ్లకు ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాడు. మనిషి పొడుగు, మాట పొదుపు. కొత్త అల్లుడిగా కాజీపేటలో మా రైల్వే క్వార్టర్‌కు వచ్చిన రోజున, అందరూ మర్యాదల్లో మునిగి ఉండగా, ఆయన మా నాయన రేడియో వెనక చెక్క విప్పుకుని కూర్చున్నాడు. అది అప్పటిదాకా బాగానే పాడేది. ఆ తర్వాత మాత్రం ఎవరైనా పక్కన నిలబడి తీగ పట్టుకుంటేనే పలికేది. రైల్వే గార్డుగా అందరినీ గదమాయించే నాయన, అల్లుణ్ణి ఏమీ అనలేక ఆ తీగ తనే పట్టుకుని వార్తలు వినేవాడు. మా అన్నకు మాత్రం బావ అంటే ప్రాణం. అన్న పైలట్. సెలవుల్లో వస్తే ఇద్దరూ అరుగుమీద కూర్చుని, మిర్చిబజ్జీలు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, విమానం నేలకు దిగేటప్పటి సంగతులే మాట్లాడుకునేవారు. ఎగరడంలో ఏముంది, దిగడమే అసలు విద్య అనేవాడు అన్న.

ఒక వానాకాలం అన్న నడిపే చిన్న విమానం దిగబోతూ గుట్టకు తగిలింది. అన్న పోయాడు. పక్కన కూర్చున్న జూనియర్ పైలట్ కాలు విరిగి బతికాడు. కట్టు విప్పాక అతను మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇచ్చిన చాయ్ చేతిలో పట్టుకుని, తాగకుండా, నాయనతో చెప్పాడు.

"నేల దగ్గరైతే మోగే గంట ఉంటది సార్ అండ్ల. ఆ దినం గూడ మోగింది. ఆ తావుల మంచిగ దిగినా మోగుతది, ఎప్పుడూ అంతే. అందుకే అన్న చెయ్యి వెట్టి బంద్ చేసిండు. నేను గూడ ఏమనలే."

నాయన పక్కగదిలోకి వెళ్లి కూర్చున్నాడు. బావ మాత్రం ఆ కుర్రాణ్ణి వదల్లేదు. ఎంత ఎత్తులో మోగింది, అప్పుడు ఎంత వేగంగా దిగుతున్నారు, చక్రాలు దించారా, ఇవే ప్రశ్నలు. అక్క ఒళ్లు మండి అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయింది.

ఆ తర్వాత హన్మకొండలో అక్కావాళ్లింట్లో ముందుగది గది కాకుండా పోయింది. తీగలు, డబ్బాలు, కాలిన వాసన. ఊరికే మోగని గంట కావాలి బావకు. నిజంగా ఆపద ఉంటేనే మోగాలి, మోగితే ఎవరూ ఆపకూడదు. ఏ శబ్దానికి మనిషి తల తిప్పుతాడో తెలుసుకోవడానికి మా మీదే పరీక్షలు పెట్టేవాడు. పప్పు పోపు వేస్తున్న అక్క వెనక హఠాత్తుగా ఏదో కీచుమనేది. అక్క తిరక్కపోతే ఆ శబ్దం ఫెయిలైనట్టు. తిరిగి ఆయన్ను తిడితే పాసైనట్టు.

ఒకనాడు అక్క అడిగేసింది. "మోగినదాన్ని మా అన్ననే బంద్ చేసిండు గద. మీరు చేసేదాన్ని బంద్ చెయ్యరని ఏంది?"

గంటకు బదులు మనిషి గొంతు పెడితే వింటారని బావ ఆలోచన. టేప్ రికార్డర్ ముందు ఆమెనే కూర్చోబెట్టి "పైకి లేపు" అనమన్నాడు. ఆమె విసుగ్గా అంది. మళ్లీ అనమన్నాడు. ఆ రెండోసారి ఆమె నోట "పైకి లేపు అన్నా" అని వచ్చింది. అక్క లేచి వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. బావ దాన్ని చెరపలేదు.

యంత్రం పూర్తయ్యేసరికి ఎనభైలు వచ్చాయి. ఆ జూనియర్ పైలట్‌ను పిలిపించి, ఆనాటి దారిలోని ఎత్తులను అతను చెప్పినట్టే యంత్రానికి అందిస్తూ వచ్చాడు బావ. బల్ల మీద ఎత్తు చూపే ముల్లు కిందికి దిగుతోంది. మైదానం మీద ఉన్నంతసేపూ అది మౌనంగా ఉంది. అలా ఉండాలనే కదా ఇన్నేళ్లు తపించింది. తర్వాత గుట్ట మొదలైంది, ముల్లు ఒక్కసారిగా పడిపోయింది, అప్పుడు మా అక్క గొంతు "పైకి లేపు అన్నా" అంది.

"ఇగ లేపినా లేవది సార్," అన్నాడు ఆ అబ్బాయి నెమ్మదిగా.

ఆ యంత్రం కిందికే చూస్తుంది. సరిగ్గా తన కింద ఉన్న నేల తప్ప, ముందు ఏముందో దానికి తెలియదు. ఇంకాస్త ముందుగా మోగేట్టు మారిస్తే, మంచిగా దిగే ప్రతిసారీ అరవడం మొదలుపెట్టింది. అంటే మళ్లీ ఎవరో చెయ్యి పెట్టి ఆపేస్తారు. ఆ రెంటి మధ్యా బావ ఇంకొన్నేళ్లు తిరిగాడు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం స్క్రూడ్రైవర్ తీసుకుని అన్నీ విప్పడం మొదలుపెట్టాడు. విచిత్రమేమిటంటే, అన్నాళ్లూ వద్దన్న అక్కే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్కసారి జూడుండ్రి," అంది.

"ముందల చూసే కన్ను లేదు దీనికి. నాతోని గాదు," అన్నాడు బావ. చెయ్యి విడిపించుకుని పని కానిచ్చాడు.

ఆ తర్వాత ఆయన పాఠాలు చెప్పాడు, రిటైరయ్యాడు, మా పిల్లల పెళ్లిళ్లకు వచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. విమానాల మాట ఎత్తింది లేదు. అమ్మానాయనలు పోయారు, బావ, ఆయన వెనకే అక్క పోయారు. అన్న తర్వాత పుట్టిన నేను ఇప్పుడు అతనికి అమ్మమ్మ వయసుదాన్ని. కాలం మమ్మల్నందర్నీ తోసుకుంటూ ఇంత దూరం తెచ్చింది, ముప్పై అయినా నిండని అన్నను మాత్రం ఆ గుట్ట దగ్గరే వదిలేసింది.