చేప తోక మీద సున్నం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను పురావస్తు శాఖ సాంకేతిక సహాయకురాలిగా హనుమకొండలో వేశారు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ నా పరిధిలోవే. హోదా చిన్నది, తిరుగుడు పెద్దది. పాత వెండి చూడడం వచ్చిన మనిషిని ఆఫీసులో నేనొక్కదాన్నే కావడంతో, వెండి మాట వస్తే చాలు, ఫైలు నా బల్ల మీదికి తోసేవారు.

ఒక రోజు మహబూబాబాద్ జిల్లాలోని ఒక పోలీసు స్టేషన్ నుంచి ఉత్తరానికి ముందే ఫోన్ వచ్చింది. మిర్చి హోల్‌సేల్ వ్యాపారి ఇంట్లో వెండి సున్నం డబ్బీ పోయింది. ఆ ఇంట్లో రెండేళ్లు గిన్నెలు తోమి మానేసిన ఎల్లవ్వ అనే కొత్తగూడ ముసలామె, మూత కీలు వదులైందని ఒక డబ్బీని బాగుచేయించడానికి బజారులో వెండి దుకాణానికి తెచ్చింది. దుకాణదారు దాని అడుగున చేప ముద్ర చూసి సేటుకు కబురు పెట్టాడు. సేటు ఇంటి వెండి మీదా అదే చేప ఉంది.

పూర్వం కంసాలి తాను చేసిన వస్తువు అడుగున సొంత గుర్తు గుద్దేవాడు. గుర్తు గుద్దే ఉక్కు కడ్డీని అచ్చు అంటాం. వాడగా వాడగా అచ్చు అంచు చిట్లుతుంది. చిట్లినా కంసాలి దాన్ని పారేయడు, అలాగే గుద్దుతాడు. అందుకే ముద్రను బట్టి చేసినవాడు తెలిస్తే, చిట్లును బట్టి ఏది ముందు చేశాడో, ఏది తర్వాత చేశాడో తెలుస్తుంది.

స్టేషన్ బల్ల మీద సేటు తెచ్చిన నాలుగు వస్తువులు పెట్టారు. ఆకుల పళ్లెం, వక్కల డబ్బీ, అత్తరుదాని, కుంకుమ భరిణె.

"మా ముత్తాత పెండ్లికి జనగామ అవుసులాయన చేసిండు మేడం. సున్నం డబ్బీ ఒక్కటి ఆఖరుకు, మా ముత్తవ్వ ఆకులేసుడు మొదలువెట్టినంక చేయించిండ్రు" అని సేటు ఆ కంసాలి గురించి గొప్పగా చెప్పాడు.

నాలుగింటి మీదా చేప తోక రెండు పాయల్లో కింది చీలిక లేదు. అచ్చు అక్కడ విరిగింది. ఎల్లవ్వ డబ్బీ తిప్పి భూతద్దం పెట్టాను. అదే చేప. తోకలో కింది చీలిక లేదు.

"జర జల్ది చెప్పుండ్రి మేడం, నాలుగు గంటలకు ఈమెను కోర్టుల హాజరు పెట్టాలె" అన్నాడు ఎస్సై.

బెంచీ మీంచి ఎల్లవ్వ అంటూనే ఉంది. "గది మా అవ్వది బిడ్డా. నడుముకు చెక్కుకునేది. మూత వదులు, ఎప్పుడూ సున్నం కిందికి కారుతుండె."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "జర ఊకోరాదు అవ్వా" అని కసిరి, 'తోక చీలిక లేదు, ఈ సెట్‌లోనిదే' అని రాసి సంతకం చేసిచ్చాను.

బస్టాండులో కూర్చుని, నివేదికకు జతచేయాల్సిన ఫొటోలను ఫోనులో పెద్దవి చేసి చూస్తున్నాను. నాలుగింటి మీద చీలిక ఉండాల్సిన చోట వెండి నున్నగా ఉంది. ఎల్లవ్వ డబ్బీ మీద ఆ చోటు గరుకుగా, తెల్లగా, కొంచెం ఎత్తుగా ఉంది. సున్నం! ఎల్లవ్వ చెవిలో జోరీగలా చెప్పింది కదా. టైం మూడు కావస్తోంది. ఆటో ఎక్కి, తొందరగా పోనిమ్మని డ్రైవరును తిట్టినంత పని చేశాను. ఆమెను అప్పటికే జీపు ఎక్కించి ఉంటే? నా సంతకం మీదే కదా ఆమె జైలుకు పోయేది.

జీపు ఇంకా బయటే ఉంది. సంగతి చెబితే ఎస్సై ముఖం మాడ్చుకున్నాడు.

"అప్పుడొకటి రాసిచ్చిండ్రు, ఇప్పుడింకోటంటరు. కోర్టుకేం చెప్పాలె మేడం?"

"నేను తప్పు రాసిన్నని చెప్పుండ్రి" అన్నాను.

కేసు వస్తువును ఊరికే కడగకూడదు. ఇద్దరు పంచు సాక్షులను పిలిపించి, ముందు ఫొటో తీసి, ఎల్లవ్వనూ సేటునూ ఎదుట కూర్చోబెట్టి, పుల్లకు దూది చుట్టి పలుచటి వెనిగర్ అద్దాను. బుడగలు వచ్చాయి. దూది తెల్లబడింది.

"గది మా అవ్వ ఏలితోటి తీసిన సున్నం బిడ్డా" అంది ఎల్లవ్వ. "గదిగూడ తీసేస్తున్నవా?"

నా చెయ్యి ఆగిపోయింది. "తియ్యకుంటే నిన్ను జైలుకు తోలుతరవ్వా" అన్నాను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది.

కింది చీలిక బయటపడింది. పూర్తి తోక. అచ్చు విరగకముందు గుద్దిన ముద్ర. సేటు ఒప్పుకోలేదు. "చేస్తుంటె నడుమల ఇరిగిందేమో?" అన్నాడు. మీ సున్నం డబ్బీ అన్నిటికన్నా ఆఖరున చేయించిందని మీరే చెప్పారు, విరిగిన అచ్చుతో పూర్తి తోక ఎలా పడుతుందని అడిగాను. ఆయన తన నాలుగు వస్తువులూ గుడ్డలో మూట కట్టుకున్నాడు.

నా మొదటి వాక్యాన్ని నా చేత్తోనే కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను. ఈ డబ్బీ ఆ సెట్‌లోనిది కాదని మాత్రమే రాశాను. ఎవరిదో ముద్ర చెప్పదు. సాయంత్రం ఎల్లవ్వను ఇంటికి పంపారు. డబ్బీ మాత్రం కోర్టు ద్వారా కొన్ని నెలలకు గాని ఆమె చేతికి రాలేదు. అభిప్రాయం మార్చినందుకు నాకు మెమో వచ్చింది. అది న్యాయమే.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, నా కంటికి ఆనని దాన్ని 'లేదు' అని రాయలేదు, 'కనబడలేదు' అనే రాశాను. ఎల్లవ్వ మాట మొదటే విని ఉన్నా ఆ సున్నం తీయక తప్పేది కాదు. కానీ ఆమెను అడిగి తీసేదాన్ని.