ఇరవై పక్కన అక్షరం

నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో జీలకర్ర పొట్లాలు కడతాను. కాటా మీద ఇరవై, పక్కన గ్రాముల అక్షరం కనపడితే పొట్లం మూయాలి. నాకు తెలిసిన ఇంగ్లీషు అంతే.

మా ఆయన చెరకు లారీ డ్రైవరు. పోయినేడు ఉయ్యూరు దగ్గర లారీ కల్వర్టును గుద్దుకుని చనిపోయాడు. ఎంత నొప్పి పడ్డాడోనన్న దిగులుతో నాకు ముద్ద దిగేది కాదు. బెంజ్ సర్కిల్‌లో ఇన్సూరెన్సు ఆఫీసుకు పిలిచి, లారీలో ఉన్న మిషను దెబ్బను కొలిచిన కాగితం చూపించారు. అందులో ఇరవై, పక్కన అదే అక్షరం.

"ఇరవై గ్రాముల దెబ్బేనా సార్? అయితే భయానికే పోయుంటాడు, నొప్పి తెలిసుండదు," అని నవ్వాను కూడా. ఆఫీసంతా నా వంక చూసింది.

"గ్రాములు కాదమ్మా, అది జీ. భూమి మనల్ని లాగే బలానికి ఇరవై రెట్లు. మీటర్ల లెక్కలో నూట తొంభై ఆరు," అన్నాడు ఆఫీసరు.

"మీటర్లు నాకేం తెలుస్తాయండీ. బస్తాల్లో చెప్పండి."

"మీ ఆయన బరువెంత?"

"డెబ్బై కిలోలు."

ఆఫీసరు లెక్క మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. మిగతాది నేనే వేశాను. ఇరవై డెబ్బైలు పద్నాలుగు వందలు. యాభై కిలోల బస్తాలైతే ఇరవై ఎనిమిది, ఒక్కసారిగా ఆయన మీద.

మీటర్లలోనే వదిలేసి ఉంటే నాకు అర్థమయ్యేది కాదు. నేనే అడిగి తెలుసుకున్నాను. ఇప్పుడు కాటా ఇరవై చూపించిన ప్రతిసారీ, ఆ ఆఫీసులో నేను నవ్విన నవ్వే గుర్తొస్తుంది.