కంప్యూటరుకు వీపు తిప్పిన ఖాసిం సాహెబ్

డోన్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసే ఖాసిం సాహెబ్ ఏ కంప్యూటరు ముఖమూ చూడడు. కుర్చీ వెనక్కి తిప్పుకుని, దానికి వీపు పెట్టి కూర్చుని, ఏ మీట నొక్కాలో చెబుతాడు. నొక్కేది ఇంకొకరు.

ఆ ఇంకొకరు మధులత. హైదరాబాదులో ఆమె నేర్చిన కొత్త విద్య రెండేళ్లకే పాతబడిందని కంపెనీవాళ్లు ఇంటికి పంపేశారు. ఇక్కడేమో ముప్పై ఏళ్ల కిందటి ప్రోగ్రాములతోనే లారీలను తూచే కాటాలు నడుస్తున్నాయి. సరే, మొదటినుంచీ పాతదైన విద్యకు ఇంక పాతబడే భయం ఉండదు కదా అని సాహెబ్ దగ్గర చేరింది.

"ఒక్కసారి ఇటు తిరగరాదా తాతా?"

"పెద్దోళ్ల ముఖంలోకి చూడగూడదు పాపా. అది నీకంటే పెద్దది."

"తెర మీద ఏముండాదో తెలియాల గదా?"

"నువ్వు చదువు, నేను వింటా. మెల్లగా నొక్కు, దానికి దెబ్బ తగులుతాది."

టీ అంగడి తిమ్మయ్యకు ఇదొక వేడుక. "మహానందిలో నందైనా శివుని తట్టే చూస్తాండాడు. మీ సాహెబేందమ్మా, దేవునికే వీపు పెట్టినాడు?"

ఒకరోజు పొద్దున్నే నందికొట్కూరు నుంచి మొక్కజొన్న గోదాము ఈరేష్ ఫోను చేశాడు. కాటా ఆగిపోయిందట. మధ్యాహ్నానికి నడవకపోతే పాతది పారేసి కొత్తది తెస్తాడట. అతను మారిస్తే చుట్టుపక్కలవాళ్లూ మారుస్తారు, మధులత రెండో ఉద్యోగమూ పోతుంది.

"నాకు మోకాళ్లు నొస్తాండాయి. నువ్వు పో," అన్నాడు సాహెబ్.

ఆమె వెళ్లేసరికి లారీలు రోడ్డుదాకా నిలబడి ఉన్నాయి.

"మేమేం చేయలేదమ్మా," అన్నాడు గుమాస్తా హనుమేష్. "తేదీ తప్పుంటే సరిచేసినా, అంతే."

ఆ ప్రోగ్రాముకు ఈ శతాబ్దం తెలియదు. అందుకే సాహెబ్ దాని తేదీని ఇరవై ఎనిమిదేళ్లు వెనక ఉంచాడు. అన్నేళ్లు వెనక్కి పోతే తేదీలకు వారాలు సరిగ్గా కలుస్తాయి. తూకం చీటీ మీద నేటి తేదీ రబ్బరు ముద్రతో వేస్తారు. హనుమేష్ నిజాయితీగా దాన్ని ఈరోజుకు తెచ్చి చంపేశాడు.

సాహెబ్‌కు ఫోను చేస్తే ఎత్తలేదు. తేదీని మళ్లీ ఇరవై ఎనిమిదేళ్లు వెనక్కి తిప్పుతుంటే చేతులు మీటల మీద వాటంతట అవే నడిచాయి. తెర మీద అంకెలు వెలిగాయి. మొదటి లారీ కదిలింది. ఆయన ఇటు తిరిగి ఉంటే తన చేతికి పనే దొరికేది కాదని మధులతకు అప్పుడు తట్టింది.

"సాహెబ్ నిజమే చెప్పినాడు," అన్నాడు ఈరేష్.

"ఏమని?"

"నాకు ఇంక చేతకాదు, ఆ పాపకే వచ్చునని. ఆళ్లగడ్డ దాకా కాటావాళ్లందరికీ ఫోన్లు చేసినాడు."

సాయంత్రం డోన్‌కు వచ్చి అడిగింది. "మీకు చేతకాకపోవడమేంది తాతా?"

"ఇద్దరికీ వస్తాదంటే చిన్నోళ్లను ఎవరు పిలుస్తారు పాపా?"

ఆమె తిమ్మయ్య తెచ్చిన టీ గ్లాసు ఒకటి ఆయనకిచ్చి, తానొకటి తీసుకుంది. సాహెబ్ ఒక గుక్క తాగి అన్నాడు, "ఇంకొకటి నేర్చుకో. పిలిచిన వెంటనే పరిగెత్తగాకు. అన్నం తిని వస్తానని చెప్పు. మర్యాద పెరుగుతాది."

అంతలో ఫోను మోగింది. బేతంచెర్ల కాటావాళ్లు.

"అన్నం తింటాండానప్పా, తిని వస్తా," అంది మధులత, టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పులేసుకుంటూ.