కింద పెట్టిన గావా

రత్నబాబు దుబాయ్‌లో ఉన్నాడని రాజోలులో అందరూ చెప్పుకుంటారు. నిజానికి అతనుండేది దుబాయ్‌కి ఎంతో దూరాన, ఆ దేశం దక్షిణపు కొసన, లీవాలో. ఇసుక కొండల అంచున విల్లులా వంగిన ఖర్జూర తోటల వరుస అది. తోటలు దాటితే ఇసుకే. ఆ ఇసుకలో ఎక్కడో సౌదీ మొదలవుతుంది. అక్కడొక తోటలో రత్నబాబు నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. గోదావరి కాలవ గట్టున పుట్టినవాడికి ఎడారిలో నీళ్లు మోసే ఉద్యోగమేమిటని ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

తోట యజమానిని పనివాళ్లంతా అర్బాబ్ అంటారు. ముసలాయనకు కబుర్లంటే ప్రాణం. కారు డ్రైవర్ సెలవులో ఉన్నప్పుడల్లా రత్నబాబే ఆయన్ని తిప్పేవాడు. అలా అరబీ పట్టుబడింది, ఆ నేల కథా తెలిసింది. ఒకప్పుడు ఇక్కడ సరిహద్దు గీతలు లేవట, బావులే ఉండేవట. ఏ బావి ఏ తెగదో తెలిస్తే చాలట. ఇప్పుడు మునిసిపాలిటీ, పోలీసు స్టేషను, ఆసుపత్రి అన్నీ వచ్చాయి. అయినా కష్టమొస్తే పెద్దమనిషి నలుగురితో కొలువుతీరే మజ్లిస్‌కి వెళ్లి చెప్పుకోవడం మాత్రం పోలేదు. అడగడానికి వచ్చినవాడు ఇచ్చిన గావా, అదే అరబ్బుల కాఫీ, తాగకుండా ముందు పెట్టుకుంటాడు. నీ పని అయింది, తాగమని పెద్దాయన అన్నాకే కప్పెత్తుతాడు. ఆ మాటకు ఇక తిరుగుండదు.

2022 మార్చి. ఖర్జూరపు మగ చెట్ల పుప్పొడిని ఆడ చెట్లకు చేత్తో అంటించే రోజులు. ఆ పనిలో పెషావర్ వైపు నుంచి వచ్చిన అమీర్ జాన్‌ను మించినవాడు లేడు. తల్లి మంచాన పడిందని అతనికి కబురొచ్చింది. పుప్పొడి పని అయ్యేదాకా సెలవు లేదని ముదీర్, అంటే తోట మేనేజరు, తేల్చేశాడు. అరబీలో నాలుగు ముక్కలు కూడబలుక్కోలేని అమీర్ జాన్, శుక్రవారం మజ్లిస్‌కి తోడు వచ్చి తన మాట అర్బాబ్ చెవిన వేయమని రత్నబాబు చేతులు పట్టుకున్నాడు. రత్నబాబు సరేనన్నాడు.

అవి ఈస్టర్ ముందటి శ్రమదినాలు. శుక్రవారాలు రత్నబాబు పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లు ముట్టడు. ఆ సంగతి అమీర్ జాన్‌కూ తెలుసు. మజ్లిస్‌లో రత్నబాబుకి గావా చేతికిచ్చారు. వద్దంటే బాగుండదని అందుకుని, తాగకుండా ముందు పెట్టాడు. మాటలాగిపోయాయి. అందరూ తనవైపే చూస్తుంటే, కప్పు కింద పెడితే ఏమిటి అర్థమో అప్పుడు గుర్తొచ్చింది.

అర్బాబ్ ముందుకు వంగి, "చెప్పు రత్న, నీ పని అయినట్టే. ఏం కావాలి?" అన్నాడు.

ఇంతకంటే తేలిగ్గా ఎవరికి దొరుకుతుంది? ఒక్క మాటతో అయిపోయేది. చెప్పులు విడిచే చోట నిలబడి అమీర్ జాన్ చూస్తున్నాడు. అర్బాబ్ పక్కన కూర్చుని ముదీర్ కూడా చూస్తున్నాడు. ఆ చూపుకి మన కోనసీమ వీరుడి గుండె జారిపోయింది. ముదీర్ కాదన్నది ముదీర్ ఎదుటే అడిగితే, రేపట్నుంచి తన గతేమిటి?

"ట్యాంకర్‌లో ఏసీ పాడైంది అర్బాబ్," అన్నాడు.

ఇంతేనా అని అర్బాబ్ నవ్వాడు. బాగు చేయించమని ముదీర్‌కి చెప్పి, ఇక తాగమన్నాడు. ఉపవాసమని చెప్పే ధైర్యం కూడా లేక రత్నబాబు గడగడా తాగేశాడు.

బయటికి రాగానే అమీర్ జాన్ ఏమన్నారని అడిగాడు. చెప్పాననీ, పని ఖలాస్ అయ్యాకే పంపిస్తామన్నారనీ రత్నబాబు కళ్లు తిప్పుకుని అబద్ధమాడాడు.

పుప్పొడి పని ముగియకముందే అమీర్ జాన్ తల్లి పోయింది. ఖననం కూడా అయిపోయిందని ఫోనొచ్చిన రోజు, జరిగింది చెప్పేసి కాళ్లు పట్టుకుందామని రత్నబాబు వెళ్లాడు. అమీర్ జాన్ చెట్టు మొదట్లో కూర్చుని ఉన్నాడు. ఇతను నోరు విప్పేలోపే చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మేరే లియే తూనే రోజా తోడ్ దియా, భాయ్," అన్నాడు.

దేవుడికి మొక్కుకున్న ఉపవాసాన్నే తన తల్లి కోసం రత్నబాబు వదులుకున్నాడట. సొంత తమ్ముడైనా అంత పని చేయడట. రత్నబాబుకి సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. చెప్పాలనుకున్నది చెప్పకుండానే లేచి వచ్చేశాడు.

అప్పట్నుంచి ఏటా శ్రమదినాల్లో, శుక్రవారం పొద్దుగూకగానే అమీర్ జాన్ ట్యాంకర్ దగ్గరికి వస్తాడు. మంచి ఖర్జూరాలు ఏరి, కడిగి తెస్తాడు. ఆ రోజు నా కోసం వదిలావు, ఇక నీ ఉపవాసం విప్పించడం నా వంతు అంటాడు. ఏసీ చల్లగా వీస్తుంటే పక్క సీట్లో కూర్చుని, తినేదాకా కదలడు. రత్నబాబుకి తలెత్తబుద్ధి కాదు. తినకపోతే ఎందుకని అడుగుతాడని తింటాడు.