బొటనవేలి గోరు మీద నలుపు

మొన్న ఆదివారం, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో నేను పెట్టిన కేకకు పక్కింటావిడ కూడా తలుపు తీసి చూసిందట. జరిగిందేమీ లేదు, నా మనవరాలు పుస్తకంలో ఏనుగుకు రంగులు వేస్తూ కుంచె మొనను నోట్లో పెట్టుకుంది, అంతే. ఇవి పిల్లల రంగులమ్మా, నోట్లోకి పోయినా ఏమీ కాదని డబ్బా మీదే రాసి ఉందని మా అమ్మాయి నవ్వింది గానీ, మనవరాలి నోరు రెండుసార్లు కడిగించేదాకా నేను ఊరుకోలేదు. ఆ నవ్వే మనిషి కోసమే ఒకప్పుడు నేను నా చేతితో ఎంత పోట్లాడానో దానికి తెలియదు.

తొంభైల్లో నేను కోడలిగా కొండపల్లి వెళ్ళేనాటికి మా ఇంట్లో మగవాళ్ళు పొణికి కర్రతో బొమ్మలు చెక్కేవారు, ఆడవాళ్ళం రంగులు వేసేవాళ్ళం. మన వయసు వాళ్ళ ఇళ్ళల్లో అద్దాల బీరువాలోనో టీవీ మీదో ఒక అంబారీ ఏనుగో ఎడ్లబండో ఉండే ఉంటుంది, వాటిలో కొన్నింటి కళ్ళయినా నేను దిద్దినవే కావచ్చు. కళ్ళు దిద్దడానికి కుంచె మొన వెంట్రుకంత సన్నగా ఉండాలి. అందుకని రంగులో ముంచిన ప్రతిసారీ పెదవుల మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పి లాగాలి. అత్తయ్య నాకు నేర్పిన మొదటి పని అదే, ఆవిడకు వాళ్ళ అత్తగారు నేర్పిందట. చెట్ల నుంచి తీసిన రంగుల నాటి అలవాటు అది. అత్తయ్య కాపురానికి వచ్చేసరికే తళతళలాడే డబ్బా రంగులు వచ్చేశాయి, అలవాటు మాత్రం ఎవరూ మార్చుకోలేదు.

నాకు నెల తప్పాక విజయవాడలో చూపించుకోవడానికి వెళితే, డాక్టరమ్మ నా పెదవి మీది మరక ఏమిటని అడిగి, విషయం విని, రాస్తున్న పెన్ను కింద పెట్టేసింది. ఆ రంగుల్లో సీసం ఉంటుందని, కుంచె నోట్లో పెడితే కడుపులో బిడ్డకు ముప్పని గట్టిగా చెప్పింది. ఇక పెట్టనని మాటిచ్చాను, అదెంత పని అనుకున్నాను.

ఇంటికొచ్చి పీట మీద కూర్చున్నానో లేదో కుంచె పెదవుల మధ్య ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలియదు. ఉమ్మేసి, నోరు కడుక్కుని, మళ్ళీ కూర్చుని, కాస్త ధ్యాస తప్పితే మళ్ళీ అంతే. పని మానేద్దామంటే దసరా బొమ్మల కొలువుల ముందు రోజులు, ఇంట్లో కళ్ళు దిద్దేది అత్తయ్యా నేనూ మాత్రమే, కళ్ళు లేని బొమ్మలన్నీ వరసగా నా వైపే మొహాలు పెట్టుకుని నిలబడి ఉండేవి. చివరికి నోటికి తువ్వాలు కట్టుకున్నాను. ఊరి పక్క థర్మల్ కరెంటు కేంద్రం నుంచి వచ్చే బూడిద తడి రంగు మీద పడుతుందని తలుపులు మూసిన ఆ వసారాలో, ఉక్కపోతలో, నా ఊపిరే నాకు వేడిగా తగులుతుంటే పొద్దంతా కూర్చుని, సాయంత్రం విప్పి చూసుకుంటే తువ్వాలు మీద నోరున్న చోటంతా నల్లటి చుక్కలు. కట్టుకోకపోతే అవన్నీ బిడ్డకు చేరేవే. పెరట్లో ఆ తువ్వాలు పట్టుకుని ఏడ్చాను. పుట్టింటికి పారిపోదామన్నా ఈ చెయ్యి నాతోనే వస్తుంది కదా అని భయం వేసింది.

అత్తయ్యకు ఈ గొడవ నచ్చలేదు. "మేమంతా కనలేదా ఏంటమ్మాయ్? పెదవి తగలందే బొమ్మ కంటికి చూపు రాదు" అని ఒకసారి అనేసి, ఆ తర్వాత మాట్లాడడం మానేసింది. మొన లేని కుంచెతో నేను దిద్దిన మొద్దు కళ్ళను తుడిచేసి, తనే మళ్ళీ దిద్దేది. నాలుగు తిట్టినా బాగుండేదని నాకు ఉక్రోషం వచ్చేది.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తున్నప్పుడు, గిన్నె పట్టుకున్న ఆవిడ ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా కనిపించింది. దెబ్బ తగిలిందేమో అనుకుని ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్న నా పక్కనే పీట వేసుకుని, నా ఎడమచెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, నల్లరంగు కుంచెను నా బొటనవేలి గోరు మీద ఆనించి మెల్లగా తిప్పి లాగింది. మొన వెంట్రుకలా వచ్చింది. నేను లేనప్పుడు ఒక్కతే కూర్చుని ఎంత సాధన చేసిందో, ఆ వయసులో, అన్నేళ్ళ అలవాటు మీద! నేను ఆశ్చర్యంగా చూస్తుంటే, ఆవిడ చూపు బొమ్మ మీది నుంచి తిప్పకుండా, "మీ ఆయనకు ముందు నాకు ఇద్దరు నిలవలేదమ్మాయ్. మాకప్పుడు ఎవరూ చెప్పలేదే" అంది.

ఆ రోజు నుంచి నా చెయ్యి నోటి వైపు లేస్తే ఆవిడ పీట మీద టకటక కొట్టేది, ఆవిడ చెయ్యి లేస్తే నేను కొట్టేదాన్ని. ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం, నవ్వుకున్నాం కూడా. మా అమ్మాయి పుట్టినప్పుడు అత్తయ్య దాన్ని ఎత్తుకుని అన్నింటికన్నా ముందు కళ్ళు చూసింది.

ఇప్పుడు కొండపల్లిలో మళ్ళీ చెట్ల రంగులు వాడుతున్నారని, నేర్చుకునే పిల్లలకు కుంచె నోట్లో పెట్టకూడదని మొదటిరోజే చెబుతున్నారని విన్నాను. మొన్న నా మనవరాలికి గోరు మీద కుంచె తిప్పడం చూపిస్తే వెంటనే పట్టేసింది, దానికి మానుకోవలసిన పాత అలవాటేమీ లేదు కదా. నా చెయ్యి ఇన్నేళ్ళుగా గోరు మీదికే పోతోంది గానీ, కుంచె పట్టుకుంటే పెదవులు ఇప్పటికీ వాటంతట అవే కాస్త విచ్చుకుంటాయి. పీట మీద టకటక కొట్టడానికి అత్తయ్య లేదు. డాక్టరమ్మ నాకు చెప్పిన ఆ ఒక్క మాట ఆవిడ పడుచుతనంలో ఆవిడకూ ఎవరైనా చెప్పి ఉంటే, మా అమ్మాయికి పెదనాన్నలో మేనత్తలో ఇద్దరు ఉండేవారేమో.