బొజ్జయ్య తెలుగు మానేసిన వేసవి

బొజ్జయ్యకు తెలుగు వచ్చంటే ఏదో నాలుగు ముక్కలు వచ్చని కాదు. కుర్రతనంలో వెదురు నరికే పనికి పోయి, మేస్త్రీల తిట్లతో మొదలుపెట్టి నేర్చిన తెలుగు అది. తిట్లు పక్కన పెడితే మిగిలినదంతా మంచి తెలుగే. భద్రాచలం అవతల ఆ కోయగూడెంలో అంత ధారాళంగా మాట్లాడేవాడు మరొకడు లేడు. అడవి గార్డు వచ్చినా, సూదిమందు వేసే నర్సమ్మ వచ్చినా బొజ్జయ్య మధ్యన కూర్చోవలసిందే. ఇటు మాట అటు, అటు మాట ఇటు, ఏదీ కలపకుండా, ఏదీ మింగకుండా చేరవేసేవాడు. ఆ సంగతి తలుచుకుని కాస్త మీసం దువ్వుకునేవాడు కూడా. దువ్వుకుంటే తప్పేముంది, చేతనైన పని.

బసవపున్నయ్యతో స్నేహం కుదిరింది కూడా ఆ తెలుగు వల్లే. ఆయన సత్తుపల్లి వైపు రైతుబిడ్డ, ఖమ్మంలో కాలేజీ లెక్చరరు. ఎనభైల్లో ఏటా పరీక్షలు కాగానే విద్యార్థులను వెంటేసుకుని, వీపున సంచులతో అడవిలో నడవడానికి వచ్చేవాడు. ముందు నడిచి దారి చూపేది బొజ్జయ్య. మోదుగాకులతో దొప్పలు కుట్టేవాడు, బూట్లు కరిచిన కాళ్ళకు పసరు పూసేవాడు, సంచీ మోయలేక మూలిగేవాణ్ణి ఆటపట్టించి నవ్వించి నడిపించేవాడు. ఒక ఏడు లెక్చరరుకే చలిజ్వరం తగిలితే, వాగులు దాటించి బస్సు రోడ్డు దాకా వీపున మోసుకొచ్చాడు. అప్పటినుంచి బసవపున్నయ్య, "బొజ్జయ్య నా తోడబుట్టినవాడురా" అని పిల్లలకు చెప్పడం మొదలుపెట్టాడు. బొజ్జయ్య ఆ మాట నిజమే అనుకున్నాడు.

ఆ వేసవి వాళ్ళు వచ్చేసరికి గూడెంలో కొత్త మామిడి పండుగ దగ్గరపడింది. ఆ పండుగలో తొలికాయ కోసి అమ్మవారి ముందు పెట్టేదాకా గూడెంలో ఎవరూ, చంటిపిల్లలతో సహా, మామిడి నోట పెట్టరు. కోసే వంతు ఇంటింటికీ తిరుగుతూ వస్తుంది. బొజ్జయ్య తండ్రి ఆ వంతు కోసం ఎదురుచూస్తూనే కన్నుమూశాడు. ఈ ఏడు అది బొజ్జయ్యకు వచ్చింది. భార్య నాగక్క ఇల్లు అలికి, తొలికాయ పెట్టడానికి కొత్త చాట అల్లి దాచింది. అలాంటి సమయంలో పైవాళ్ళను మామిడి తోపు పక్కన వాగు ఒడ్డున దిగనివ్వడం పెద్దపూజారి పోతయ్యకు ఇష్టం లేదు. "నా పూచీ" అన్నాడు బొజ్జయ్య. పోతయ్య సరేనన్నాడు.

డేరాలు వేస్తుండగానే బొజ్జయ్య చెప్పాడు. "సారూ, ఆ కాయలు ముట్టొద్దు. పండుగ అయినంకనే మేం గూడ తింటం. ఈ ఏడు కోసేది నేనే."

"ఆ మాత్రం తెలియదా బొజ్జయ్యా, నీ పండుగ నా పండుగ కాదా" అన్నాడు బసవపున్నయ్య. పిల్లలను పిలిచి గిరిజనుల ఆచారాల మీద చిన్న పాఠం కూడా చెప్పాడు. బొజ్జయ్య గుండె నిండిపోయింది.

మర్నాడు పొద్దున బొజ్జయ్య పండుగ పని మీద గూడెంలోకి వెళ్ళాడు. అతను ఇంట్లో ఉండగానే మేకల వెంట పోయిన భీమక్క వాగు ఒడ్డున పచ్చిమామిడి చెక్కులు చూసి, వడివడిగా వచ్చి పోతయ్యకు చెప్పింది. అందరూ అక్కడికి వెళ్ళేసరికి బండమీద కాగితంలో ఉప్పూ కారం ఇంకా తెరిచే ఉన్నాయి. పక్కన బసవపున్నయ్య చాకు. ఆయన పెదవి అంచున సొన అంటి ఎర్రగా కందింది. బొజ్జయ్య అది చూశాడు. తప్పు జరిగిందని బాధపడ్డాడు గానీ, అప్పటికింకా ఆయన మీద కోపం రాలేదు. నోరూరి తిన్నాడు, ఒప్పుకుని దణ్ణం పెడితే ఏదో పరిహారం ఉంటుంది అనుకున్నాడు.

పోతయ్యకు తెలుగు రాదు. "ఎవరు తెంపారో అడుగు" అన్నాడు కోయలో.

"కాయలు ఎవరు తెంపిన్రని అడుగుతుండు, సారూ."

పిల్లలు తలలు వంచుకున్నారు. బసవపున్నయ్య వాళ్ళవైపు చూశాడు, పోతయ్య చేతిలోని గొడ్డలి చూశాడు, బొజ్జయ్య ముఖం మాత్రం చూడలేదు.

"బొజ్జయ్యే కోసి ఇచ్చాడు. మీ పద్ధతులు మాకేం తెలుస్తాయి? పెడితే తిన్నాం."

గూడెం గూడెమంతా బొజ్జయ్య వైపు తిరిగింది, ఆ మాటేమిటో చెబుతాడని. అతనికి ఒళ్ళంతా మండింది. మోసిన వీపు మండింది. వేరే ఏం చెప్పినా, రెండు భాషలూ తెలిసి తప్పు పట్టేవాడు అక్కడ లేడు. కానీ ఇన్నేళ్ళూ ఒకరి మాట మార్చి చెప్పిన నోరు కాదది.

"నేనే కోసి తమకు ఇచ్చానంటున్నాడు" అన్నాడు కోయలో.

పోతయ్య గొడ్డలి దించి కోయలోనే అన్నాడు. "నువ్వు ఇయ్యలేదని నాకెరుక. ఇచ్చినోడివైతే ఈ మాట నాదాకా తెచ్చేవాడివి కాదు. కానీ నీ పూచీ మీద వచ్చినోళ్ళు. ఈ ఏడు వంతు నీకు లేదు."

"ఏమన్నాడు?" అన్నాడు బసవపున్నయ్య.

"ఏం లేదు సారూ. నడువుండ్రి."

రోడ్డు దాకా అతనే తీసుకుపోయాడు. వాగు దాటేచోట ఎప్పటిలాగే చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకునే బసవపున్నయ్య గొంతు తగ్గించి, "పిల్లల ముందు నాకేం తోచలేదయ్యా. అయినా నిన్నేమంటారు, నీవాళ్ళే కదా" అన్నాడు. బొజ్జయ్య ఆయన్ను ఒడ్డుకు చేర్చి చెయ్యి వదిలాడు. పండుగనాడు, వంతులో తర్వాతి ఇంటివాడు సమ్మయ్య తొలికాయ కోశాడు. నాగక్క కొత్త చాట తీసి వాళ్ళింట్లో ఇచ్చి వచ్చింది.

మరుసటి ఏడు బసవపున్నయ్య, ఏమీ జరగనట్టే, కొత్త పిల్లలను వెంటేసుకుని తిన్నగా బొజ్జయ్య వాకిట్లోకే వచ్చాడు.

"ఏం బొజ్జయ్యా, బాగున్నావా? ఈసారి వేరే దారిన పోదాం."

బొజ్జయ్య మంచం వాల్చాడు, ఆనపకాయ బుర్రలో నీళ్ళిచ్చాడు. ఎదురుగా కూర్చుని ఏదో అన్నాడు. అన్నది కోయలో. హాస్యమనుకుని బసవపున్నయ్య నవ్వాడు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ కోయలోనే జవాబు వచ్చింది, నెమ్మదిగా, కళ్ళలోకి చూస్తూ.

బసవపున్నయ్య నవ్వు ఆగిపోయింది. ఆ మాటేమిటో చెప్పేవాళ్ళ కోసం వాకిలంతా చూశాడు. సమ్మయ్యను అడిగాడు, భీమక్కను అడిగాడు. మాట చేరవేసేవాడు అతనే కదా అన్నట్టు, వాళ్ళు బొజ్జయ్య వైపు చెయ్యి చూపించారు.